గాజు తొట్టిలో తల్లి ఏది?

చిరంజీవి ప్రవీణ్‌కు ఆశీస్సులు.

కథ అందింది. మొన్న రాత్రి ఒకసారి చదివాను, నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే వరండాలో కూర్చుని ఇంకోసారి చదివాను. "మేడమ్, మొహమాటపడకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి చెప్పేస్తున్నాను.

మొదటి పేజీ బాగుంది. తండ్రి పోయాక ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉంచేసి, ఊడ్చేటప్పుడు ఎత్తి, ఊడ్చాక మళ్లీ అక్కడే పెట్టే కొడుకు. అది ఎక్కడో చూసి రాశావు, చదవగానే తెలిసిపోయింది. రెండో పేజీలో ఆ కొడుకు, తండ్రి జుట్టు కత్తిరించి దాచిన కవరు పట్టుకుని, ఆయన్ని క్లోన్ చేయించడానికి, అంటే ఆయన కణం నుంచి ఆయన నకలునే పుట్టించడానికి, గచ్చిబౌలిలో ఒక ల్యాబ్‌కి వెళ్తాడు. తొమ్మిది నెలలకి గాజు తొట్టి మూత తెరుచుకుంటుంది. అరవై రెండేళ్ల తండ్రి తెల్ల పంచెతో బయటికొచ్చి "ఒరేయ్ చిన్నా, కాఫీ తాగావా" అంటాడు. నవ్వొచ్చింది నాయనా, ఏమీ అనుకోకు. మనిషి సంగతి తర్వాత, ఆ పంచె ఎక్కడిది?

నిజానికి నవ్వడానికి నాకేం హక్కుంది. 1997 ఫిబ్రవరిలో, పెద్ద గొర్రె కణం నుంచి క్లోన్ చేసి పుట్టించిన డాలీ అనే గొర్రె వార్త రాగానే ఒక వారపత్రికకి నేనూ వ్యాసం రాశాను. "జిరాక్సు గొర్రె" అని పేరు పెట్టి తెగ మురిసిపోయాను. పది రోజులకి ఒక పశువుల డాక్టరు గారి దగ్గర నుంచి కార్డు వచ్చింది. "అమ్మా, గొర్రె పుట్టిందని రాశారు. ఈనింది ఎవరో రాయలేదు." అంతే, కింద సంతకం. అప్పటికి పదిహేనేళ్లుగా జువాలజీ చెబుతున్నదాన్ని. ఆ రోజు క్లాసులోకి వెళ్లడానికి సిగ్గేసింది.

నీ కథకి కూడా నేను చెప్పేది ఆ కార్డులో ఉన్నదే. నీ కథలో ఎవరూ కనలేదు.

డాలీ లెక్క ఒకసారి చూడు. ఆరేళ్ల ఫిన్ డార్సెట్ గొర్రె పొదుగు నుంచి తీసిన కణాలు. డాలీ పుట్టేనాటికి ఆ గొర్రె లేనేలేదు. స్కాటిష్ బ్లాక్‌ఫేస్ జాతి గొర్రెల అండాలు తీసుకుని, వాటిలోని కేంద్రకం, అంటే జన్యువులుండే భాగం, తీసేసి, ఒక్కోదాని పక్కన ఒక పొదుగు కణాన్ని పెట్టి, సన్నటి కరెంటు షాకుతో రెంటినీ కలిపారు. అలా కలిసినవి 277. వాటిలో ఎదిగి పిండాలైనవి 29. ఆ 29నీ 13 గొర్రెల గర్భాల్లో పెట్టారు. 1996 జూలై 5న, ఎడిన్‌బరో దగ్గరి రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆ పదమూడింటిలో ఒక్కటి ఈనింది. నల్లమొహం తల్లికి తెల్లమొహం పిల్ల. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ బృందం చేసిన పని నిజమేనని చెప్పడానికి ముందుగా కనబడిన రుజువు ఆ మొహమే. మిగతా పన్నెండు గొర్రెల గురించి అప్పట్లో నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు.

కణం ఇచ్చింది ఒకరు, అండం ఇచ్చింది ఒకరు, మోసింది ఇంకొకరు. తండ్రి అనేవాడే లేడు. ఇంకో మెలిక కూడా ఉంది. అండంలో మిగిలిపోయే మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తినిచ్చే భాగాల్లో, కొంచెం డీఎన్ఏ ఉంటుంది, అది అండం ఇచ్చిన తల్లిదే. కాబట్టి నూటికి నూరు పాళ్లూ నకలు అనడానికి అక్కడే వీల్లేదు. (కత్తిరించిన వెంట్రుకలో బతికున్న కణం ఉండదు. నీ కొడుకు దాచుకోవాలనుకుంటే చర్మం ముక్క దాచుకోవాలి, అదీ సరిగ్గా గడ్డకట్టించి.)

డాలీ మనది కాదనుకుంటే కర్నాల్ ఉంది. హర్యానాలోని జాతీయ పాడి పరిశోధన సంస్థ. నీ వయసువాళ్లు ఆ పేరు వినే ఉండరు, మన పాడి రైతులు మాత్రం ముర్రా గేదె అంటే చెవులు రిక్కిస్తారు. మంచి ముర్రా ఒక ఈతకి ఒక దూడనే ఇస్తుంది. అది దున్న కావచ్చు, పెయ్య కావచ్చు. పెయ్యే అయినా తల్లంత పాలిస్తుందన్న పూచీ లేదు. ఆ మంచి గేదెనే మళ్లీ పుట్టించగలిగితే, మేలైన దున్నపోతును క్లోన్ చేసి దాని వీర్యం ఊరూరికీ పంపగలిగితే రైతుకి లాభమే కదా. కర్నాల్ వాళ్ల పద్ధతి నాకు ముచ్చటేస్తుంది. కణాల్ని పట్టి కదిపే, లక్షల ఖరీదు చేసే మైక్రోమానిప్యులేటర్ యంత్రం లేకుండా, మైక్రోస్కోపు కింద సన్నటి బ్లేడు చేత్తో పట్టుకుని అండంలోంచి కేంద్రకం ఉన్న ముక్కని కోసేస్తారు. అండం అంటే ఇసుక రేణువంత. ఊపిరి బిగబట్టి చేసే పని.

2009 ఫిబ్రవరిలో సంరూప పుట్టింది, ప్రపంచంలో ఆ పద్ధతిలో పుట్టిన మొదటి గేదె దూడ. వారం తిరక్కుండానే పోయింది. జూన్‌లో గరిమ పుట్టింది, రెండేళ్లు దాటి బతికి గుండె ఆగి పోయింది. 2010 ఆగస్టులో గరిమ-2 పుట్టింది. అది పెరిగి పెద్దదై, 2013 జనవరిలో తనే ఈనింది. ఆ దూడకి మహిమ అని పేరు పెట్టారు. 2023 మార్చిలో గిర్ ఆవు క్లోన్ గంగోత్రి పుట్టింది, 32 కిలోల దూడ. కణం గిర్ ఆవు తోక నుంచి, అండం సాహివాల్ ఆవుది, మోసింది సంకరజాతి ఆవు. దూడలందరికీ ఎంత చక్కటి పేర్లో చూశావా? మోసిన వాటి పేరు నేను చదివిన ఏ వార్తలోనూ కనబడలేదు.

మా అమ్మమ్మ ఇంట్లో గేదె ఈనిన రాత్రి నాకు తొమ్మిదేళ్లు. లాంతరు నన్ను పట్టుకోమన్నారు. ముందు రెండు గిట్టలు, తెల్లగా మెత్తగా, వాటి మీద ముట్టె ఆనించినట్టు ఉంది. అక్కడ ఆగిపోయింది. దూడ పెద్దది. మామయ్యా, పాలేరూ గిట్టలకి మెత్తటి తాడు కట్టి, గేదె ముక్కినప్పుడల్లా లాగి, అది ఆగితే వీళ్లూ ఆగి, అలా ఎంతసేపు పట్టిందో. గేదె కళ్లు తెల్లగా తిరిగిపోయాయి. దూడ జారిపడ్డాక అది లేవలేకపోయింది, పడుకునే మెడ చాచి నాకింది. తెల్లారేదాకా మాయ పడలేదని అమ్మమ్మ కుక్కల్ని తోలుతూ అక్కడే కూర్చుంది. క్లోనింగ్‌లో సర్వసాధారణంగా కనిపించే ఇబ్బంది ఇదే ప్రవీణ్. చూలు నిలవదు, నిలిస్తే మాయ సరిగ్గా ఏర్పడదు, దూడ ఉండాల్సిన దానికన్నా పెద్దదవుతుంది, తల్లికి నీరు చేరుతుంది. శాస్త్రవేత్తల పేపర్లలో ఇది ఒక శాతంగా కనిపిస్తుంది. నేను లాంతరు పట్టుకున్నాను కాబట్టి నాకు శాతంగా కనబడదు.

మూడో పేజీలో నీ తండ్రి పాత్ర నెలకో ఏడాది చొప్పున ముసలివాడవుతున్నాడు. ఇది డాలీ తెచ్చిన అపోహ. ఆరున్నరేళ్లకే, 2003 ఫిబ్రవరిలో డాలీకి మత్తుసూది ఇచ్చి పంపేశారు కాబట్టి క్లోన్లు తొందరగా ముసలివైపోతాయని లోకమంతా అనుకుంది. దాని ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చింది గొర్రెలకి సోకే ఒక వైరస్ వల్ల. డాలీని పుట్టించిన ఆ పొదుగు కణాల నుంచే పుట్టిన నాలుగు గొర్రెల్ని నాటింగ్‌హామ్‌లో ముసలితనం దాకా పెంచి, 2016లో పరీక్షల ఫలితాలు వెల్లడించారు. ఆ వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయి. ఆ పేజీ మొత్తం కొట్టేయ్. పుట్టి బతికి బట్టకట్టిన క్లోన్‌కి పెద్దగా భయం లేదు. గండాలన్నీ పుట్టడానికి ముందూ, పుట్టిన కొద్ది రోజుల్లోనూ.

ఇక "నాన్న" సంగతి. 2001 డిసెంబరులో టెక్సాస్‌లో ఒక పిల్లిని క్లోన్ చేశారు, పేరు సీసీ. అసలు పిల్లి రెయిన్‌బో మూడు రంగుల మచ్చల పిల్లి. సీసీ ఆ రంగుల్లో పుట్టలేదు, నారింజ మచ్చ ఒక్కటీ లేదు. ఆడపిల్లిలో ఆ రంగుల జన్యువు రెండు ఎక్స్ క్రోమోజోముల మీద ఉంటుంది, ప్రతి కణంలో ఒకటి నోరు మూసుకుంటుంది. ఏ కణంలో ఏది మూసుకుందన్న దాన్ని బట్టి మచ్చలు. రెయిన్‌బో నుంచి తీసిన ఆ ఒక్క కణంలో నారింజ రంగుది మూసుకుని ఉంది. బొచ్చు రంగుకే ఇంత తేడా వస్తే, కాఫీ తాగావా అని అడిగే అలవాటు ఎలా వస్తుంది? నీ కొడుకు చేతికొచ్చేది తండ్రి కాదు, మూడు కిలోల పసివాడు. వాడికి పాలు పట్టాలి, రాత్రి ఎత్తుకుని తిప్పాలి. తండ్రికి తండ్రి అవ్వాలి కొడుకు. అసలు కథ అక్కడుంటే నువ్వు తొట్టి దగ్గరే ఆగిపోయావు.

అమెరికాలో చనిపోయిన పెంపుడు కుక్కని క్లోన్ చేయించుకోవడానికి 50 వేల డాలర్లు ఇచ్చేవాళ్లున్నారు. వాళ్ల బాధని నేను వెక్కిరించను. కానీ మొట్టమొదటి క్లోన్ కుక్క స్నప్పీ కోసం 2005లో కొరియాలో 1,095 పిండాలు 123 కుక్కల్లో పెట్టారు. పుట్టినవి రెండు, బతికింది ఒకటి. ఇప్పుడు ఆ అంకెలు మెరుగుపడ్డాయే అనుకో, ఒక ఇంటి దుఃఖం తీర్చడానికి వేరే కుక్క కడుపు కోయడం నాకు మింగుడు పడదు.

స్నప్పీ బృందానికి నాయకుడు హ్వాంగ్ వూ-సుక్. మనిషి పిండాన్ని క్లోన్ చేసి మూలకణాలు (శరీరంలో ఏ రకం కణంగానైనా మారగలిగేవి) తీశానని 2004లో, 2005లో ప్రకటించి దేశానికి హీరో అయ్యాడు. అవి కట్టుకథలని తేలి 2006 జనవరిలో ఆ రెండు పేపర్లనీ సైన్స్ పత్రిక వెనక్కి తీసుకుంది. మోసం గురించి అందరూ రాశారు. నన్ను పట్టుకున్నది వేరే. ఆ పని కోసం వంద మందికి పైగా ఆడవాళ్ల నుంచి రెండు వేలకు పైగా అండాలు తీశారు. వాళ్లలో అతని ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిలూ ఉన్నారు. హార్మోను సూదులు, కడుపుబ్బరం, మత్తు, సూదితో తీయడం. బాస్ అడిగితే కిందివాళ్లు కాదనగలరా? అన్నీ ఇచ్చాక తేలింది ఏమిటంటే, అక్కడ ఒక్క క్లోన్ మూలకణం కూడా లేదు. నీతి గురించి కథ రాయాలంటే దేవుడితో పోటీ అనే పాత పాట ఎత్తుకోనక్కర్లేదు, ఆ ల్యాబ్‌లో పనిచేసే ఒకమ్మాయి సెలవు చీటీ చాలు.

మనిషిని పుట్టించే క్లోనింగ్ మన దేశంలో నిషిద్ధం, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి నీ గచ్చిబౌలి ల్యాబ్ దొంగచాటు ల్యాబ్ అవ్వాలి. బోర్డు తీసేయ్.

ఇంత చెప్పానని నన్ను క్లోనింగ్ వ్యతిరేకి అనుకోకు. మనం తినే అరటి పండే క్లోన్. మా నాన్నకి లంకలో అమృతపాణి తోట ఉండేది. గునపంతో పిలక తవ్వి, వేళ్లు చెక్కి, పక్క చేనివాళ్లకి ఇచ్చేవారు. వాళ్ల చెట్టూ మా చెట్టూ ఒకటే, ఊరంతా ఒకే చెట్టు. ఒక ఏడు పాత ఆకులు అంచుల నుంచి పసుపెక్కి, తొడిమ దగ్గర విరిగి, బోదె చుట్టూ లంగాలా వేలాడాయి. నాన్న కత్తితో బోదె అడ్డంగా నరికి చూపించారు. లోపల గోధుమరంగు చుక్కలు, వలయంలా. పనామా తెగులు. ఒక చెట్టుకి తట్టుకునే శక్తి లేదంటే ఊళ్లో దేనికీ లేనట్టే. మూడేళ్లకి ఆ తోట లేదు. 1950ల్లో ప్రపంచమంతా తిన్న గ్రో మిషెల్ అరటి కూడా ఎగుమతి తోటల్లోంచి ఇలాగే పోయింది. దాని బదులు వచ్చిన కావెండిష్ కుటుంబమే ఇవాళ అనంతపురం, కడప వైపు టిష్యూ కల్చర్ మొక్కలుగా, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన మొక్కలుగా, వేస్తున్న జీ-9. దానికీ కొత్త రకం పనామా తెగులు పుట్టింది, బీహార్ దాకా వచ్చేసింది. మేలైన గేదెల్ని మాత్రమే క్లోన్ చేద్దాం అనేవాళ్ల మాట విన్నప్పుడల్లా నాకు ఆ బోదె గుర్తొస్తుంది.

నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే క్లోనింగ్ ఒకటుంది. అమెరికాలో నల్లకాళ్ల ఫెర్రెట్ అని మన ముంగిసంత జంతువు. ఇప్పుడున్నవన్నీ ఏడింటి సంతానమే. 1988లో పోయిన విల్లా అనే ఆడదాని కణాలు శాన్ డియాగోలో గడ్డకట్టించి దాచారు, అది ఆ ఏడింటిలో లేదు. దాని నుంచి 2020లో ఎలిజబెత్ ఆన్ పుట్టింది. తర్వాత పుట్టిన ఆంటోనియా 2024లో పిల్లల్ని పెట్టింది. కొత్త రక్తం కోసం క్లోనింగ్, అరటి తోటకి సరిగ్గా తిరగేసినట్టు.

మన హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు ఆసియా చీతాని అలా తెద్దామని కలగన్నారు. చిరుతపులి అండం, చిరుతపులి గర్భం, ఇరాన్ చీతా కణం. ఇరాన్ చీతానీ ఇవ్వలేదు, కణమూ ఇవ్వలేదు. నువ్వు ఇంకో కథ రాస్తానంటే ఇది తీసుకో. అత్తాపూర్‌లోని వాళ్ల ల్యాబ్‌లో ఒక చిరుత బోనులో తిరుగుతూ ఉంటుంది, తనకి రాని బిడ్డ గురించి దానికేమీ తెలియదు.

ఈ కథని మాత్రం రెండో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. గాజు తొట్టి పగలగొట్టేసి, ఆ చోట ఒక ఆడమనిషిని కూర్చోబెట్టు. ఎవరావిడ, ఎంతకి ఒప్పుకుంది, అంతకుముందు ఎన్నిసార్లు కడుపు పోయింది, ఆ కొడుకు ఆవిడని ఏమని పిలుస్తాడు? నానమ్మకి, అంటే తండ్రిని నిజంగా కన్నావిడకి, ఎనభై ఆరేళ్లని మొదటి పేజీలో నువ్వే రాశావు. ఆవిడ మంచం మీదే ఉంది, బతికే ఉంది, ఆ తర్వాత కథలో ఎక్కడా నోరు విప్పలేదు. ఆ పసివాణ్ని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టారనుకో, ఏమంటుందో నాకు వినాలనుంది.

చెప్పుల పేజీ ముట్టుకోవద్దు. ఈసారి ఫోనులో కాకుండా ప్రింటు తీసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు. కళ్ల డాక్టరు సంక్రాంతి అయ్యాక ఆపరేషన్ అన్నాడు, ఆలోపు పంపితే నేనే చదువుతాను, లేదంటే మా మనవరాలి చేత చదివించుకోవాలి, అది మధ్యలో ఆపి ఫోను చూసుకుంటుంది.

ఆశీస్సులతో,
నీ మేడమ్