ఐదారు వేలలో ఇంటి సౌండ్ సిస్టమ్: డబ్బు వాట్ల మీద కాదు, డబ్బా మీద పెట్టండి

మీ ప్రశ్న ఇది: ఐదారు వేల లోపు ఇంట్లోనే రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్, వూఫర్) తయారు చేసుకోవచ్చా, అదే ధరకు షాపులో దొరికే 2.1 సెట్ కన్నా బాగుంటుందా, ఏమేం కొనాలి?

చేసుకోవచ్చు. బాగుంటుంది కూడా. మా ఇంట్లో టీవీ దగ్గర ఉన్నది నేను చేసుకున్నదే, ఆ తర్వాత మా బావమరిది రూమ్‌కి కూడా ఒకటి చేసిచ్చాను. రెండిట్లోనూ ఖర్చు మీరు చెప్పిన బడ్జెట్ దాటలేదు. అయితే సాధారణంగా అందరూ కొనే వరస వేరు. ముందు "200 వాట్లు" అని రాసి ఉన్న యాంప్లిఫయర్ బోర్డు కొంటారు, మిగిలిన డబ్బుతో స్పీకర్ తెస్తారు, ఇంట్లో ఏ ప్లైవుడ్ ముక్కలుంటే వాటితో పెట్టె కొడతారు. మీరు దీన్ని తిరగేయండి. ముందు వూఫర్, దానికి తగ్గ డబ్బా, చివర్లో బోర్డు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొద్ది తేడా. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. బోర్డు మీద ఎంత ఖర్చు పెట్టినా అక్కడిదాకా పోలేం. అట్టపెట్టెల మీద గొప్పకి రాసే పీఎంపీఓ అంకెల్ని అసలు పట్టించుకోకండి, ఆగకుండా ఇవ్వగలిగే పవర్‌ని చెప్పే ఆర్‌ఎంఎస్ ఎంతో అదే చూడండి.

డబ్బా మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఖాళీ కుండ మూతి మీద స్పీకర్ పెట్టి పాటలు వినడం మీరూ చూసే ఉంటారు. కుండ మీద పెట్టగానే బేస్ వచ్చేస్తుంది, తీయగానే పోతుంది. స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగమే కోన్. అది ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 ఊపులు) బేస్ తరంగం పొడవు గాలిలో సుమారు 8.6 మీటర్లు. అంత పొడవాటి తరంగానికి ఎనిమిది అంగుళాల స్పీకర్ అడ్డు కానే కాదు. వెనక నుంచి వచ్చిన శబ్దం చుట్టూ తిరిగొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. వెనక వచ్చేదాన్ని బంధించడమే కుండ చేసే పని, మన డబ్బా చేసే పని కూడా అదే. ఎక్కడైనా గాలి లీకైతే ఆ మేరకు బేస్ పోయినట్టే.

ఇక కొనడం. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్. ఎనిమిది అంగుళాల సబ్‌వూఫర్ స్పీకర్ ఒకటి, నాలుగు ఓమ్‌లది అడగండి. "అన్నా, దీని పేపర్ ఉందా?" అని తప్పకుండా అడగండి. ఆ పేపర్ మీద ఎఫ్‌ఎస్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో), వీఏఎస్ (కోన్ బిగుతుకు సమానమైన గాలి, లీటర్లలో) అని మూడు అంకెలు ఉంటాయి. థీల్, స్మాల్ అని ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు 1960, 70లలో స్థిరపరచిన లెక్కలవి. ఏ స్పీకర్‌కి ఎన్ని లీటర్ల డబ్బా కావాలో వాటితో తెలుస్తుంది. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకెలు వేస్తే గ్రాఫ్ కూడా వస్తుంది. పేపర్ ఉన్న స్పీకర్‌కి రెండు మూడు వందలు ఎక్కువ అడిగినా నేనైతే అదే కొంటాను.

డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే మూడు పనులు చేయండి. మల్టీమీటర్ పెడితే నాలుగు ఓమ్‌ల స్పీకర్ 3.2 నుంచి 3.6 మధ్య చూపించాలి, ఎనిమిదిదైతే ఆరు, ఏడు మధ్య. రెండోది, రెండు చేతుల బొటనవేళ్లు కోన్‌కి చెరో వైపు ఆనించి సమానంగా మెల్లగా లోపలికి నొక్కండి. మెత్తగా వెళ్లి మెత్తగా తిరిగి రావాలి. గీసుకుంటున్నట్టు "సర్ర్" మంటే లోపల కాయిల్ రాసుకుంటోందని అర్థం, పక్కన పెట్టేయండి. మూడోది, అంచు చుట్టూ ఉండే రింగు రబ్బరుదేనా చూడండి. ఫోమ్ రింగు మన ఉక్కపోతకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. పాత హోమ్ థియేటర్ నుంచి తీసిన స్పీకర్లు చవకగా దొరుకుతాయి, మంచివే ఉంటాయి కూడా, కానీ వాటిలో ముందు చూడాల్సింది ఈ రింగే.

ఇప్పుడు డబ్బా. నా వూఫర్‌కి లెక్క ప్రకారం 25 లీటర్లు, 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పైపు వచ్చింది. ఈ పైపు లీకు కాదు, డబ్బాకి కావాలనే పెట్టే మూతి. కొలత సరిగ్గా ఉంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర బేస్‌కి బలం ఇస్తుంది. లోపలి కొలతలు 29, 29, 32 సెంటీమీటర్లు పెట్టాను. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 27 లీటర్లు. అందులో స్పీకర్ వెనక భాగం, పైపు, లోపలి బద్దలు కలిసి రెండు లీటర్ల దాకా తింటాయి, మిగిలేది 25. పైపు ప్లంబింగ్ షాపులో దొరికే మూడంగుళాల పీవీసీ ముక్క, లోపలి వ్యాసం ఏడు సెంటీమీటర్లు. దాని పొడవు లెక్క ఇలా: వ్యాసాన్ని దానితోనే గుణించి, 23,562తో గుణించాలి. వచ్చినదాన్ని ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ లీటర్లతోనూ భాగించాలి. అందులోంచి వ్యాసానికి 0.732 రెట్లు తీసేయాలి. నా అంకెలతో 28.9లోంచి 5.1 పోతే 23.8, అంటే 24 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పైపు లోపలి చివరకీ డబ్బా వెనక గోడకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలాలి. నా డబ్బా లోతు 32 కాబట్టి ఎనిమిది సెంటీమీటర్లు మిగిలింది, సరిపోయింది.

పేపర్ దొరకని స్పీకర్ అయితే పైపు జోలికి పోకండి. పూర్తిగా మూసేసిన డబ్బా, ఇరవై లీటర్ల అటూ ఇటూ, చేసేయండి. బేస్ మరీ లోతుకు దిగదు గానీ బిగుతుగా, శుభ్రంగా ఉంటుంది. లెక్క తప్పిన పైపు డబ్బా పాట ఏదైనా ఒకే స్వరం మీద "బూమ్ బూమ్" అంటుంది. మన సంగీతం వినేవాళ్లకు అది పెద్ద బాధ. మృదంగంలో ఎడమ చేతి వైపు వచ్చే గుమ్కీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. ఆ జారుడు వినిపించాలి. కొత్త డబ్బా బాగుందో లేదో నేను చూసుకునేది మృదంగంతోనే, తర్వాత డప్పుతో.

చెక్క 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే పలక). మొత్తం షీట్ కొనక్కర్లేదు, మాడ్యులర్ కిచెన్ పనులు చేసే కార్పెంటర్ల దగ్గర మిగులు ముక్కలు ఉంటాయి, కొలతలిస్తే మిషన్ మీద కోసి ఇస్తారు. మిషన్ కోత తిన్నగా వస్తుంది, అతుకులు కలుస్తాయి. అక్కడ కక్కుర్తి పడకండి. స్పీకర్ రంధ్రం గీసేటప్పుడు ఫ్రేమ్ బయటి వ్యాసం కాకుండా వెనక బుట్ట దిగేంత వ్యాసమే గీయాలి. అంచులో స్క్రూ నేరుగా దించితే ఎండీఎఫ్ పొరలుగా చీలిపోతుంది, ముందు సన్నటి డ్రిల్ వేసి దించండి. ఫెవికాల్ దండిగా పూసి, స్క్రూలు బిగించి, రాత్రంతా ఆరనివ్వండి. మధ్యలో ఎదురెదురు గోడలను కలుపుతూ ఒక బద్ద అడ్డంగా పెడితే డబ్బా వణకదు. ఎండీఎఫ్ కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అంతా బిగించాక లీకులు చూసే పద్ధతి ఒకటి చెబుతాను. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ని యాంప్లిఫయర్‌కి కలిపి, టోన్ జనరేటర్ యాప్‌తో 30 హెర్ట్జ్ పెట్టి సౌండ్ తక్కువలో ఉంచండి. అగరుబత్తి వెలిగించి ప్రతి అతుకు వెంటా, స్పీకర్ అంచు చుట్టూ, వైర్ బయటికొచ్చే రంధ్రం దగ్గర నెమ్మదిగా జరపండి. పొగ తిన్నగా పైకి పోతుంటే సరే. ఎక్కడైనా టపటపా కొట్టుకుంటే అక్కడ గాలి పోతోంది. పైపు మూతి దగ్గర ఊగడం మాత్రం మామూలే. లీకున్న చోట ఎం-సీల్ కలిపి నొక్కేయండి. స్పీకర్ ఫ్రేమ్ కింద తలుపులకు అతికించే ఫోమ్ టేపు వేస్తే చాలు.

పక్క స్పీకర్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. నాలుగంగుళాల ఫుల్ రేంజ్ స్పీకర్లు రెండు, ఒక్కోదానికి నాలుగైదు లీటర్ల మూసిన డబ్బా, 12 ఎంఎం ప్లై చాలు. లోపల పాత దిండులోని పాలిస్టర్ దూది వదులుగా నింపండి, గొంతు స్పష్టంగా వస్తుంది. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కలపాలనుకుంటే దాని ప్లస్ వైర్‌కి వరసలో నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ పెట్టాలి. ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్‌కి 4.7 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) పెడితే నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి పలుకుతుంది. కెపాసిటర్ లేకుండా నేరుగా ఇస్తే ట్వీటర్ కాలిపోతుంది.

యాంప్లిఫయర్ దగ్గరికి వద్దాం. మన దగ్గర ఒక తరం మొత్తం 4440 ఐసీ బోర్డుతోనే ఈ పని నేర్చుకుంది. టీడీఏ2030 ఐసీ బోర్డులూ ఉన్నాయి. ఇప్పటికీ అవి పనిచేస్తాయి, కానీ ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్లు, హీట్ సింక్ అన్నీ కలిపితే ఖర్చూ బరువూ పెరుగుతాయి. పైగా 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఏసీ, రెక్టిఫయర్‌లో డీసీగా మారాక ప్లస్ వైపూ మైనస్ వైపూ 16 వోల్టులు దాటుతుంది. ఇంటి కరెంటు వోల్టేజి ఎక్కువగా ఉన్న రాత్రి వేళ టీడీఏ2030 పరిమితి అయిన 18 వోల్టుల దగ్గరికి పోతుంది. ఇప్పుడైతే నేను టీపీఏ3116 ఐసీలు రెండున్న 2.1 బోర్డే చెబుతాను. ఒక ఐసీ పక్క స్పీకర్లకు, ఇంకోటి సబ్‌కి. సబ్‌కి బేస్ మాత్రమే పంపే ఫిల్టర్, వాల్యూమ్, బేస్ నాబ్‌లు దాని మీదే ఉంటాయి. కరెంటుకి పాత ల్యాప్‌టాప్ చార్జర్ చాలు: 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. బోర్డు అమ్మేవాళ్లు ఎన్ని వందల వాట్లు చెప్పినా మీకు అందేది ఈ 65లోంచే. ఒక హాలుకి అది ధారాళంగా సరిపోతుంది. పైగా 230 వోల్టులతో మీకు పని ఉండదు, మొదటిసారి చేసేవాళ్లకు నేను దీన్నే గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

ట్రాన్స్‌ఫార్మరే వాడతానంటే ప్రైమరీలో (230 వోల్టులు వచ్చే వైపు) ఫ్యూజ్, మెటల్ బాక్సుకి ఎర్తింగ్ తప్పనిసరి. మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డులో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి దాని ద్వారా ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి తగ్గిపోతే బాగున్నట్టు. ఎర్రగానో తెల్లగానో వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి.

టీపీఏ3116తో ఒక జాగ్రత్త. దాని అవుట్‌పుట్‌లో మైనస్ వైర్ కూడా గ్రౌండ్ కాదు, రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. అందుకని రెండు స్పీకర్ల మైనస్‌లు కలిపేయడం, మైనస్‌ని బాక్సు బాడీకి కట్టడం పాత బోర్డుల్లో కుదిరినా దీనిలో కుదరదు, ఐసీ పోవచ్చు. ఇంకొకటి బ్లూటూత్ గోల. బ్లూటూత్ మాడ్యూల్‌కి అదే చార్జర్ నుంచి 5 వోల్టులు తీసుకుంటే పాట ఆగినప్పుడల్లా "కీ..." అని సన్నటి ఈల వినిపిస్తుంది. మధ్యలో బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ కన్వర్టర్ పెట్టండి, గ్రౌండ్‌లు విడిపోయి ఆ ఈల పోతుంది. నాబ్‌ల దాకా పోయే వైర్లు షీల్డ్ వైర్లే వాడండి.

నేను కొన్నప్పుడు వూఫర్‌కి పన్నెండు వందల దాకా, చిన్న స్పీకర్లకు ఏడు వందలు, బోర్డుకి వెయ్యి, చెక్కా కోతకు కలిపి ఎనిమిది వందలు, మిగతా వైర్లు, టెర్మినళ్లు, పైపు, స్క్రూలకు నాలుగైదు వందలు అయ్యాయి. చార్జర్ ఇంట్లోదే. ఇప్పుడు ధరలు అటూ ఇటూ మారి ఉంటాయి.

బిగించే ముందు ప్రతి స్పీకర్‌కీ ప్లస్, మైనస్ సరిచూసుకోండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తీసుకుని ఒక్క క్షణం తాకిస్తే చాలు. సెల్ ప్లస్ తగిలిన టెర్మినల్ ప్లస్ అయితే కోన్ బయటికి వస్తుంది. మూడూ ఒకే వైపు కదలాలి.

సబ్‌ని టీవీ ఉన్న గోడ దగ్గరే పెట్టండి. నాలుగంగుళాల స్పీకర్లు వంద హెర్ట్జ్ కిందికి సరిగా దిగవు కాబట్టి ఫిల్టర్‌ని 120 దగ్గర ఉంచాల్సి వస్తుంది, ఆ స్థాయిలో శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి కనిపెట్టేస్తుంది. మూలకి నెడితే బేస్ పెరుగుతుంది, కానీ బూమ్ బూమ్ అంటుంది. ఒక జానెడు ఇవతలికి లాగి వినండి. అపార్ట్‌మెంట్ అయితే డబ్బా కింద మందపాటి రబ్బరు బుడిపెలు వేయండి, స్లాబ్ ద్వారా కింది ఇంటికి పోయే వణుకు తగ్గుతుంది. చివరగా, మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని, ఇంకొకరిని సబ్ వైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చమనండి. ఏ వైపున బేస్ నిండుగా వినిపిస్తే ఆ వైపే ఉంచేయండి. వైర్లు మార్చే ప్రతిసారీ బోర్డు ఆఫ్ చేసే మార్చాలి.