ఖర్చు ఉబ్బదు, తడుస్తుంది

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం.

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కూతురి పెళ్లికి అప్పు చేసిన ఆ తండ్రి బాగా కుదిరాడు. మూడో పేజీలో మాత్రం 'ఖర్చు బెలూన్‌లా ఉబ్బిపోతోంది' అని అతనే అనుకున్నట్టు రాశావు. జగదాంబ సెంటర్‌లో పెళ్లిబట్టలు కొని బయటికొచ్చిన మనిషి అలా అనుకోడు. 'తడిసి మోపెడైంది' అనుకుంటాడు. ఇంగ్లీషువాడి ఖర్చులో గాలి నిండుతుంది, మన ఖర్చులో నీళ్లు దిగుతాయి. వానలో తడిసిన గడ్డి నెత్తికెత్తుకుంటే మెడ ఎలా వంగుతుందో తెలుసుగా? నీ తండ్రి పాత్రకు కావలసింది ఆ బరువే.

నేనేం తక్కువ తినలేదులే. కొత్తలో ఒక పత్రికకు సైన్సు వ్యాసం అనువదిస్తూ, బెలూనింగ్ అన్న మాట కనబడగానే 'సాలీడు పిల్లలు ఉబ్బి గాల్లోకి లేచాయి' అని రాసేశాను. అచ్చయింది కూడా! నిజానికి అక్కడ ఉబ్బేదేమీ లేదు. పిల్ల సాలీడు గడ్డిపరక కొసకెక్కి, కాళ్ల మొనల మీద నిలబడి, పొట్ట పైకెత్తి సన్నటి దారాలు వదులుతుంది. గాలీ, గాలిలో ఉండే విద్యుత్ క్షేత్రమూ ఆ దారాలను లేపుకుపోతాయి. 1832లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ దక్షిణ అమెరికా తీరానికి 60 మైళ్ల దూరంలో ఉండగా, దాని తాళ్ల నిండా ఇలాంటి సాలీళ్లే వచ్చి వాలాయి. 'గాలివాటున ఎగిరాయి' అంటే సరిపోయేది. చేతిలో ఉన్న మాట నాకు తట్టలేదు.

పూరీ పొంగుతుంది. పొగిడితే మనిషి ఉబ్బితబ్బిబ్బవుతాడు. ఇవన్నీ నీకు తెలిసినవే, రాసేటప్పుడే ఎక్కడికో పోతాయి.

నిజంగా బెలూన్ ఉన్నచోట బెలూన్ అనే రాయి, మొహమాటం వద్దు. 2017లో అరకులో వేడిగాలి బెలూన్ల పండుగ జరిగింది. నేలమీద పరిచిన గుడ్డలోకి ముందు ఫ్యాన్‌తో మామూలు గాలి పంపుతారు. తర్వాత బర్నర్ మంట. అప్పుడది పడుకున్న ఏనుగులా మెల్లగా లేచి నిలబడుతుంది. దాన్ని 'గగన గోళ విహారం' అన్నావంటే నేను చదవను.

ఇంకొకటి. ఆరో పేజీలో బీచ్‌లో అమ్మే కుర్రాడి చేత 'బెలూన్లు' అనిపించావు. నా చిన్నప్పుడు మేం బూరలనే అనేవాళ్లం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లు. వాడు ఏమని అరుస్తున్నాడో విని, అదే పెట్టు.

మీ అన్నయ్య