‘వేర్ యా టూ’ అంటే ఎక్కడికని కాదు

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్‌లు రెండూ విన్నాను. మొదటిది వింటూ పడీపడీ నవ్వాను, ఏమనుకోకు. నువ్వు అద్దెకుంటున్న ఇంటావిడ ఫోన్ చేసి “స్టే వేర్ యర్ టూ, టిల్ ఐ కమ్స్ వేర్ యర్ ఆట్” అందనీ, అందులో నీకు ‘కమ్’ అన్న ముక్క ఒక్కటే దొరికిందనీ, రమ్మంటోందేమో అనుకుని ఆ మంచులో బస్టాపు వదిలేసి నడుచుకుంటూ పోయావనీ, పాపం ఆవిడ కారేసుకుని నీకోసం వీధులన్నీ తిరిగిందనీ. ఆవిడ అన్నది “ఉన్నచోటే ఉండు, నేనే అక్కడికి వస్తా” అని. మీ సెయింట్ జాన్స్‌లో, ఆ మాటకొస్తే కెనడా తూర్పు కొసనున్న న్యూఫన్‌లాండ్ దీవి అంతటా, ‘వేర్ యా టూ’ అంటే ఎక్కడికి పోతున్నావని కాదు, ఎక్కడున్నావని. ఎప్పుడో చేపల కోసం ఇంగ్లండ్‌లో డోర్సెట్, డెవన్ వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు మూటలో కట్టుకొచ్చిన మాట అది.

“ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది వచ్చింది కదా పెద్దమ్మా, మరి ఒక్క ముక్కా అర్థం కాదేంటి” అన్నావు. నేను శ్రీకాకుళంలో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక వరంగల్ వెళ్ళాను కదా. వెళ్ళిన వారంలోనే మా అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి “గా గంజు ఇటు తే” అన్నారు. నేను అన్నం వార్చిన గంజి గ్లాసులో పోసి, చిటికెడు ఉప్పు కూడా వేసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ అడిగింది గిన్నె! పుట్టినప్పట్నుంచీ ఇంట్లో తెలుగే మాట్లాడిన దాన్ని నేను. కాబట్టి నువ్వు టెన్షన్ పడకు.

అసలు సంగతేంటంటే, నువ్వు యూట్యూబ్‌లో విని చెవికి అలవాటు చేసుకున్న కెనడా ఇంగ్లీషు టొరంటోదో వాంకూవర్‌దో అయి ఉంటుంది. ఒట్టావా నుంచి వాంకూవర్ దాకా రోడ్డు మీద నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే, కానీ అంత దూరంలోనూ పట్నాల్లో యాస పెద్దగా మారదు. మనకి విజయనగరం నుంచి విజయవాడ వెళ్ళేలోపే ఎంత మారిపోతుందో చూడు. అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చాక, 1783 ప్రాంతంలో, బ్రిటిష్ రాజు పక్షాన ఉన్నవాళ్ళు చాలామంది ఉత్తరానికి వచ్చేశారు. వాళ్ళలో కొందరు ఇప్పటి ఒంటారియోలో దిగారు. 1885లో పసిఫిక్ దాకా రైలు పట్టాలు పడ్డాక ఆ ఒంటారియో జనమే పశ్చిమానికి పాకారు, మాటా వాళ్ళతోపాటే రైలెక్కింది. న్యూఫన్‌లాండ్ కథ ఇందులో లేదు. అది కెనడాలో కలిసిందే 1949లో, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళ తర్వాత. అంతకుముందు కొన్ని వందల ఏళ్ళపాటు నైరుతి ఇంగ్లండ్ వాళ్ళు కొన్ని రేవుల్లో, ఆగ్నేయ ఐర్లండ్ వాళ్ళు కొన్ని రేవుల్లో, ఒకరికొకరు పడవ మీద తప్ప కలవకుండా బతికారు. అక్కడి మాటలకే ప్రత్యేకంగా ఒక పెద్ద నిఘంటువు 1982లో అచ్చయింది. మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంటుంది, ఒకసారి తిరగేసి చూడు.

నేను 1988లో అక్కడ దిగాను. మీ పెదనాన్నకి యూనివర్సిటీలో పని, నాకు ఒక మందుల షాపులో కౌంటర్. మొదటి నెలలోనే ఒక ముసలాయన వచ్చాడు. రక్తపోటు మాత్రలు ఎలా వేసుకుంటున్నారని అడిగితే “ఐయామ్ ఆఫ్టర్ టేకిన్ మీ పిల్” అన్నాడు. ఆఫ్టర్ అన్నాడు కాబట్టి తర్వాత వేసుకుంటాననేమో అనుకుని, అలా వాయిదా వెయ్యకూడదండీ, ఇప్పుడే వేసుకోండి అని గ్లాసుతో నీళ్ళు కూడా అందించాను. ఆయన నన్నూ గ్లాసునీ మార్చి మార్చి చూశాడు. లోపల్నుంచి ఫార్మసిస్టు పరుగున వచ్చి గ్లాసు లాక్కుంది. ‘ఐయామ్ ఆఫ్టర్’ అంటే ‘ఇప్పుడే అయింది’ అని. మాత్ర వేసుకునే వచ్చాడన్నమాట, నేను రెండోది మింగించబోయాను. ఐరిష్ భాషలో వాక్యం అలాగే కడతారట, అదే ఇంగ్లీషులోకి దిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఒకటే అలవాటు చేసుకున్నాను. ఎదుటివాళ్ళు అన్నది నాకు అర్థమైనట్టుగా నా మాటల్లో తిరిగి చెప్పడం: “అంటే పొద్దున్నే వేసుకున్నారు, అంతేనా?” తప్పయితే వాళ్ళే సరిచేస్తారు. నువ్వు కాఫీ షాపులో చేస్తున్నావు కాబట్టి నీ చేతిలో ప్రాణాలేమీ లేవు, కానీ పద్ధతి ఇదే. ఊరికే ‘సారీ? సారీ?’ అని మూడుసార్లు అంటే వాళ్ళు అదే మాట అదే వేగంతో ఇంకా గట్టిగా చెప్తారు, ఉపయోగం ఉండదు.

అన్నిటికన్నా ప్రమాదం మన తల ఊపుడు. అర్థం కాకపోయినా మర్యాదకి ఊపేస్తాం చూడు, అది మానెయ్. నాకు మానడానికి రెండేళ్ళు పట్టింది.

మూడు అనడానికి చాలామంది ‘ట్రీ’ అంటారు, ‘దిస్ దట్’లో మన ద పలుకుతుంది. ఇది మాత్రం మనకి పండగే. నాలుక పళ్ళ మధ్య పెట్టలేదని కాన్వెంటులో నన్ను బెంచీ ఎక్కించిన టీచరుని ఒక్కసారి సెయింట్ జాన్స్ తీసుకెళ్ళాలనిపించేది. కొన్ని రేవుల్లో హ ఉండాల్సిన చోట ఉండదు, లేని చోట వస్తుంది. హోలీరూడ్‌లో పారేసుకున్న హ ఏవన్‌డేల్‌లో దొరుకుతుందని వాళ్ళ మీద వాళ్ళే జోకు వేసుకుంటారు, అందుకే ‘ఓలీరూడ్, హేవన్‌డేల్’ అంటారట. ఐ నోస్, వీ గోస్ అని అందరికీ స తగిలిస్తారు. అది తప్పు ఇంగ్లీషు కాదు, వాళ్ళ వ్యాకరణం. నువ్వు దిద్దబోకు.

ఇంకోటి, కొందరు పెద్దవాళ్ళు ‘యా’ అనేటప్పుడు గాలి బయటికి వదలరు, లోపలికి పీలుస్తారు. మొదటిసారి ఒకావిడ నా కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలకి వరసగా అలా పీల్చేసరికి ఆయాసం వచ్చిందనుకుని కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుంది, థాంక్స్ కూడా చెప్పింది. ఆవిడకి ఏ జబ్బూ లేదు, అవునంటోంది అంతే. నోవా స్కోషియాలోనూ ఇది వింటావు.

నిన్ను ‘మై లవ్’, ‘మై డకీ’ అన్నారని కంగారుపడ్డావు. కొట్లో ఆవిడ, బస్సు డ్రైవరు, ఎవరైనా అంటారు. మన ఊళ్ళో ముక్కూమొహం తెలియని ముసలమ్మ ‘ఏమ్మా, ఏ ఊరు తల్లీ’ అనడం లాంటిదే. కానీ వాళ్ళు అన్నారు కదా అని నువ్వు తిరిగి ‘యెస్ బై’ అనకు. ఆ ‘బై’ బాయ్‌కి వాళ్ళ రూపం. బయటివాళ్ళ నోట వస్తే వెక్కిరింపులా ఉంటుంది. పదేళ్ళు ఉంటే దానంతటదే వస్తుంది, అప్పుడెవరూ ఏమనరు. ‘న్యూఫీ’ అనే మాట అసలే వద్దు. వాళ్ళలో వాళ్ళు అనుకోవచ్చు, మనం అంటే కొందరికి తిట్టులా తగులుతుంది. ఊరి పేరు మాత్రం వాళ్ళలాగే పలుకు: ‘అండర్‌స్టాండ్’లో బరువు ఎక్కడ పడుతుందో న్యూఫన్‌లాండ్‌లోనూ అక్కడే, చివర్న. ఆ ఒక్క మాట సరిగ్గా అన్నావంటే వాళ్ళ మొహాలు వికసిస్తాయి. టికెట్ బుక్ చేసేటప్పుడు కూడా జాగ్రత్త, న్యూ బ్రన్స్‌విక్‌లో ‘సెయింట్ జాన్’ అని చివర స లేని ఊరు ఇంకోటుంది.

చదువయ్యాక ఉద్యోగం ఎక్కడొస్తుందో తెలీదు కదా, మిగతావీ కాస్త చెప్తాను. మేము తర్వాత పశ్చిమాన సాస్కచెవాన్ రాష్ట్రంలో సాస్కటూన్ అనే ఊరు వెళ్ళాం. అక్కడ ‘బ్యాగ్’ని చాలామంది ‘బేగ్’ అన్నట్టు అంటారు. ఒక కుర్రాడు షాపులో ‘బన్నీ హగ్’ మర్చిపోయానని వస్తే, కుందేలు బొమ్మ కోసం బల్లల కింద వెతికాను. టోపీ ఉన్న స్వెట్‌షర్టుకి సాస్కచెవాన్‌లో పేరది. వేరే రాష్ట్రంలో అంటే ఎవరికీ తెలీదు. ఆ రాష్ట్ర రాజధాని పేరు చదివి ‘రెజీనా’ అనేవు, రిజైనా అనాలి. ఊరి బయట చెరువుగట్టు ఇల్లు ఒంటారియోలో కాటేజ్, పశ్చిమాన కేబిన్, న్యూ బ్రన్స్‌విక్‌లో క్యాంప్. సొరకాయా ఆనపకాయా అన్నట్టే.

‘అబౌట్’ సంగతి కూడా అడిగావు. కెనడా వాళ్ళు ‘అబూట్’ అంటారని అమెరికా వాళ్ళ వెక్కిరింపు. అలా ఎవరూ అనరు. ఇది పట్టుకోవడానికి మన తెలుగులోనే కిటుకుంది. ‘ఆవు’ అని ఒకసారి, ‘అవును’లో ‘అవు’ అని ఒకసారి పైకి అని చూడు. ‘లౌడ్’లో పలికేది ఆవు. ‘అబౌట్’లో పలికేది అవు. ‘హౌస్’ అవు, ‘హౌజెస్’ ఆవు. చివర పరుషం వస్తే నోరు తక్కువ తెరుచుకుంటుంది, సరళం వస్తే పూర్తిగా తెరుచుకుంటుంది, సకారాన్ని కూడా పరుషాల్లో కలిపేసుకో. ‘రైట్’కీ ‘రైడ్’కీ కూడా ఇదే తేడా. 1973లో చేంబర్స్ అనే భాషా శాస్త్రవేత్త దీనికి కెనేడియన్ రైజింగ్ అని పేరు పెట్టాడు. మా తెలుగు మాస్టారు క చ ట త పలు, గ జ డ ద బలు వల్లె వేయిస్తుంటే ఇవెందుకురా బాబూ అనుకునేదాన్ని, సాస్కటూన్‌లో పనికొస్తాయని ఎవరికి తెలుసు! ఇది వినడానికే, నువ్వు అలా పలకనక్కర్లేదు. ఒక్కటి మాత్రం పేర్ల దగ్గర చూసుకో: డాన్ అనే మగ పేరు, డాన్ అనే ఆడ పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో వేరు, ఇక్కడివాళ్ళ నోట్లో ఒకటే. కాఫీ కప్పు మీద రాసేముందు స్పెల్లింగ్ అడుగు.

మాంట్రియల్ వెళ్తే ఇంగ్లీషులోకి ఫ్రెంచి కారుతూ ఉంటుంది. వీధి చివర కొట్టుని ‘డెప్’ అంటారు, డెపనర్‌కి కురచ. ‘క్లోజ్ ద లైట్’ అంటారు, మన వరంగల్లో ‘లైటు బంద్ చెయ్’ అన్నట్టే. ఫ్రెంచి నేర్చుకోవాల్సి వస్తే భయపడకు. క్యుబెక్ ఫ్రెంచిలో కొన్ని అచ్చుల ముందు త, ద వస్తే ‘త్స, ద్జ’ అవుతాయి. పారిస్ వాళ్ళ ‘తు’ అక్కడ ‘త్సు’. చాప, చలి అనేటప్పుడు మన చ, జున్ను అనేటప్పుడు మన జ ఎలా పలుకుతాయో అదే. మిగతా ఇండియావాళ్ళలో చాలామంది తంటాలు పడే చోట నువ్వు హాయిగా అనేస్తావు.

టొరంటో గురించి ఎక్కువ చెప్పను, అది నీకు సులువే. ఊరివాళ్ళు పేరులో రెండో ట మింగేస్తారు, గుర్తుంచుకో. మా వాడు, అదే మీ తమ్ముడు, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో బడిలో చేరిన ఏడాదికే ‘మ్యాన్‌డెమ్’ (మా కుర్రాళ్ళు), ‘వల్లాహి’ (ఒట్టు) అంటూ ఇంటికొచ్చాడు. జమైకా మాటలు, సొమాలీ పిల్లల మాటలు కలిసిన యాస. పంజాబీ పిల్లలూ తమిళ పిల్లలూ అందరూ అదే. మొదట్లో తిట్టాను. వాడు నాతో శ్రీకాకుళం యాసలో ‘ఏటమ్మా’ అని, వాళ్ళ నాన్నమ్మతో ఫోన్లో ‘మంచిగున్నవా’ అని, స్నేహితులతో ఇలా మాట్లాడతాడని గమనించాక ఊరుకున్నాను.

నీ మాట వాళ్ళకి అర్థం కావట్లేదన్నావు. యాస మార్చుకోవద్దు, వేగం తగ్గించు. మనం ప్రతి అక్షరాన్నీ సమానంగా దొర్లిస్తాం, వాళ్ళ చెవి ఒక్క అక్షరం మీద బరువు కోసం వెతుకుతుంది. ‘డెవలప్’లో మొదట నొక్కితే వాళ్ళకి అందదు, మధ్యలో నొక్కాలి. కొత్త మాట విన్నప్పుడు స్పెల్లింగ్ కంటే ముందు బరువు ఎక్కడుందో రాసుకో. సీబీసీ రేడియోలో మత్స్యకారుల కోసం ఒక కార్యక్రమం వస్తుంది, గిన్నెలు కడుగుతూ విను. పీతల ధరలు నీకెందుకనుకోకు, అసలు సిసలు గొంతులు అక్కడ వినపడతాయి.

మీ అమ్మకి టైము లెక్క రావట్లేదట. మీ ఊరి గడియారానికీ మనలాగే అరగంట తిరకాసు ఉంది కాబట్టి నిమిషాల ముల్లు రెండుచోట్లా ఒకటే: చలికాలం తొమ్మిది గంటలు తేడా, ఎండాకాలం ఎనిమిది. అదే చెప్పు.

ఇక నీ రెండో మెసేజ్. ఇంటావిడ మెట్ల కింద నుంచి ఏదో ‘అప్’ అని అరిచింది, పైకి రమ్మందా, లేవమందా, గొంతు తగ్గించమందా అన్నావు. మూడుసార్లు విన్నాను. “కమ్ డౌన్ ఫర్ అ మగ్-అప్” అంటోంది. మగ్-అప్ అంటే టీ, దానితోపాటు బ్రెడ్డో బిస్కెట్టో. నువ్వు పలక్కుండా గదిలో కూర్చున్నావు! రేపు నువ్వే కిందికి వెళ్ళు, అమ్మ పంపిన జంతికలు నాలుగు పట్టుకెళ్ళు. ఆదివారం జిగ్స్ డిన్నర్‌కి పిలిస్తే మాత్రం, అందులో ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం వేసి ఉడకబెడతారు, తినవు కాబట్టి ముందురోజే చెప్పు. క్యాబేజీ, బంగాళాదుంపలు నీకు వేరే గిన్నెలో ఉడకబెడుతుంది.

ప్రేమతో,
పెద్దమ్మ