వాన లేని రోజున నదిలోకి మురుగు వస్తే

బుజ్జీ,

ఇంగ్లండ్‌లో మీ ఇంటి వెనక నదిలోకి నీళ్ల కంపెనీ పైపు మురుగు వదులుతోందని నువ్వు పంపిన వీడియో చూశాను. ఒళ్లు మండిపోయిందని రాశావు. మండాల్సిందే. బిల్లులో మురుగు కోసం విడిగా డబ్బు కట్టించుకుని, ఆ మురుగునే తెచ్చి మీ ఇంటి వెనక నదిలో కలుపుతుంటే కోపం రాకుండా ఎట్లా ఉంటుంది. కానీ చివర్లో "వీళ్లని ఎవరూ ఏమీ చేయలేరు పెదనాన్నా" అన్నావు చూడు, అది మాత్రం నిజం కాదు. ఈ పని మీద ఏళ్ల తరబడి తిరిగినవాణ్ని కాబట్టి వాళ్లు ఎక్కడ దొరుకుతారో చెప్తాను. వాన పడని రోజు మీద కన్నేసి ఉంచు. అక్కడ దొరుకుతారు.

ఇంగ్లండ్‌లో పాత ఊళ్లలో వాన నీళ్లూ, ఇళ్లలోంచి వచ్చే మురుగూ చాలాచోట్ల ఒకే పైపులో పోతాయి. విక్టోరియా రాణి కాలం నాటి పద్ధతి ఇది. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపుకి పార్లమెంటులో కూర్చోలేకపోయారు. ఆ దెబ్బతో జోసెఫ్ బజాల్జెట్ అనే ఇంజనీరు చేత లండన్ కింద పెద్ద పెద్ద మురుగు కాలువలు కట్టించారు. గట్టి వాన పడితే పైపు నిండిపోయి, మురుగు వెనక్కి తన్ని ఇళ్లలోకి వస్తుంది. అలా రాకుండా నదిలోకి తెరిచి పెట్టిన దారులే ఈ స్టార్మ్ ఓవర్‌ఫ్లోలు. ఇంగ్లండ్ మొత్తం మీద 14 వేలకు పైగా ఉన్నాయి. కుండపోత వానలో వదిలితే పర్మిట్, అంటే కంపెనీకి ప్రభుత్వ సంస్థ ఇచ్చే అనుమతి పత్రం, ఒప్పుకుంటుంది. ఎండ కాసే రోజు వదిలితే ఒప్పుకోదు. నువ్వు జోరువానలో తీసిన వీడియో ఎంత అసహ్యంగా ఉన్నా కంపెనీ దగ్గర దానికో జవాబు సిద్ధంగా ఉంటుంది. రెండు రోజులుగా చినుకు లేకపోయినా పైపు పారుతుంటే ఆ జవాబు చెల్లదు. నదుల కాలుష్యాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్క ప్రకారం ఆ రోజూ, దానికి ముందు 24 గంటలూ 0.25 మిల్లీమీటర్లకి మించి వాన లేకపోతే అది పొడి రోజు. ఈ అంకె గుర్తుంచుకో.

2023 చివరికల్లా ఈ ఓవర్‌ఫ్లోలన్నిటికీ ఎంతసేపు పారాయో కొలిచే మానిటర్లు పెట్టారు. 2023లో అవి మొత్తం 36 లక్షల గంటలు పారాయి. 2024లోనూ దాదాపు అంతే, తగ్గలేదు. ఇవి ఉద్యమకారులు వేసిన లెక్కలు కావు, కంపెనీల మీటర్లే చెప్పినవి. ఇప్పుడు ఏ ఓవర్‌ఫ్లో ఎప్పుడు మొదలైందో గంటలోపు మ్యాప్ మీద చూపించాలని చట్టమే ఉంది. ముందు ఆ మ్యాప్‌లో మీ పైపు ఏదో, దాని పేరేమిటో కనుక్కో. మ్యాప్ చూపించింది చూపించినట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. రేపటికి అది అక్కడ ఉండదు.

ఇక ఒడ్డుకి వెళ్లినప్పుడు. పైపు ఒక్కటే ఫొటో తీస్తే ఎవరైనా "ఇది ఎక్కడిదో" అనేస్తారు. వంతెనో, బోర్డో, గుర్తుపట్టే చెట్టో కనిపించేలా ఒకటి తీయి, తర్వాత దగ్గరగా తీయి. ఎగువన నీళ్లెలా ఉన్నాయో, దిగువన ఎలా ఉన్నాయో రెండూ తీయి. ఇలా రెండూ తీయడం చాలామంది మర్చిపోతారు. నురుగు చూసి కంగారు పడకు, ఆకులు కుళ్లినా గోధుమరంగు నురుగు వస్తుంది. చూడాల్సింది రాళ్లని. మురుగు తరచుగా వచ్చే చోట రాళ్లకీ, నీళ్లలో మునిగిన కొమ్మలకీ బూడిదరంగు దూది పట్టుకున్నట్టు ఒక పీచు పెరుగుతుంది. దాన్ని సీవేజ్ ఫంగస్ అంటారు. ప్రవాహంలో తోకల్లా ఊగుతుంటుంది. ఒక్కరోజు పొరపాటుకి అది పెరగదు, కాబట్టి అది కనిపించిందంటే కథ చాలాకాలంగా నడుస్తోందన్నమాట. తర్వాత ఒడ్డు కొమ్మలు చూడు. వరద తగ్గాక వెట్ వైప్స్ గుడ్డపేలికల్లా వేలాడుతుంటే, నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో కూడా తెలిసిపోతుంది.

నీళ్లలోకి చేతులు పెట్టొద్దు. పెట్టాల్సి వస్తే గ్లవ్స్ వేసుకో, గాయాలు ఉంటే ప్లాస్టర్ వేసుకో, ఇంటికెళ్లి సబ్బుతో కడుక్కో. ఎలుకల మూత్రంతో వచ్చే వీల్స్ జబ్బు ఈ నదుల్లో ఉంది. పిల్లల్ని పెద్ద వాన పడ్డాక రెండు రోజుల పాటు నీళ్లలోకి దింపకు.

వాసనొచ్చినా, చేపలు తేలినా వెంటనే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి ఫోన్ చెయ్యి: 0800 80 70 60. రాత్రీ పగలూ ఎత్తుతారు. కంపెనీకీ చెప్పు, కానీ కంపెనీకి మాత్రమే చెప్పి ఊరుకోకు. రిఫరెన్స్ నంబర్ అడిగి తీసుకో. ప్రతిసారీ మనిషి రాడు, అది ముందే తెలుసుకో. అయినా ఫోన్ మానొద్దు. మనం ఫోన్ చేయని రోజున రికార్డుల్లో మన నది ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. 2004లో పర్యావరణ సమాచారం అడిగే హక్కు చట్టంగా వచ్చింది. మేం ప్రైవేటు కంపెనీలం కదా, మాకు వర్తించదని ఈ నీళ్ల కంపెనీలు చాలాకాలం వాదించాయి. ఫిష్ లీగల్ అనే చేపలు పట్టేవాళ్ల సంస్థ కోర్టుకెక్కి, 2015లో వర్తిస్తుందనిపించింది. ఇప్పుడు నువ్వు ఒక ఈమెయిల్ రాస్తే 20 పనిరోజుల్లో జవాబివ్వాలి. నువ్వు వీసా మీద ఉన్నావనీ, ఏమైనా అవుతుందేమోననీ అల్లుడు భయపడుతున్నాడని రాశావు. ఈ చట్టం కింద అడిగేవాళ్లు ఏ దేశం వాళ్లన్నది ఎవరూ చూడరు. ఎందుకు అడుగుతున్నావో చెప్పాల్సిన పని కూడా లేదు.

ఏం అడగాలో జాగ్రత్తగా విను. మీ ఊరి మురుగుని శుద్ధి చేసే ట్రీట్‌మెంట్ ప్లాంట్ పర్మిట్ కాపీ అడుగు. ఓవర్‌ఫ్లో మొదలైన, ఆగిన సమయాలు అడుగు. ప్లాంట్ శుద్ధి చేసిన నీళ్ల లెక్క, 15 నిమిషాలకొకసారి మీటర్ తీసుకునే రీడింగు, అడుగు. ఈ మూడోది అడక్కపోతే మిగతా రెండిటితో సగం పనే అవుతుంది. సెకనుకి ఇన్ని లీటర్లు శుద్ధి చేస్తూ ఉంటేనే మిగిలింది నదిలోకి వదలొచ్చని పర్మిట్‌లో రాసి ఉంటుంది. ఉదాహరణకి 100 లీటర్లనుకో. ఓవర్‌ఫ్లో పారుతున్న గంటల్లో ప్లాంట్ 70 లీటర్లే శుద్ధి చేసిందని రీడింగుల్లో కనిపిస్తే, సగం ముద్ద తిని కడుపు నిండిందన్నట్టే. ఎంత వాన పడినా అది తప్పే. అంటే పొడి రోజుతో పాటు నీకు రెండో ఆధారం కూడా దొరికినట్టు.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో విండ్‌రష్ నది దగ్గర సరిగ్గా ఇదే చేశారు. పోలీసు డిటెక్టివ్‌గా రిటైరైన ఆష్ స్మిత్, ప్రొఫెసర్‌గా రిటైరైన పీటర్ హామండ్ కలిసి కంపెనీల లెక్కలే తెప్పించుకుని, కంపెనీలు చెప్పని ఓవర్‌ఫ్లోలు ఎన్ని జరిగాయో బయటపెట్టారు. 2021 నవంబరులో ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ, నీళ్ల కంపెనీల్ని నియంత్రించే ఆఫ్‌వాట్ కలిసి 2,200కి పైగా ప్లాంట్ల మీద విచారణ మొదలుపెట్టాయి. 2025 మేలో థేమ్స్ వాటర్ అనే నీళ్ల కంపెనీకి ఆఫ్‌వాట్ 12 కోట్ల 27 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అందులో 10 కోట్ల 45 లక్షలు మురుగు వ్యవహారానికే. ఇంటి దగ్గర కూర్చుని పట్టికలు చూసుకునే మనుషుల పని ఇంతదూరం వచ్చింది.

"విచారణ జరుగుతోంది, ఇవ్వలేం" అని జవాబు రావచ్చు. ఊరుకోకు. 40 పనిరోజుల్లోపు మళ్లీ పరిశీలించమని రాయి, అప్పటికీ ఇవ్వకపోతే ఇన్ఫర్మేషన్ కమిషనర్‌కి ఫిర్యాదు చెయ్యి. ఇంకో జవాబు: "భూగర్భ జలం పైపుల్లోకి ఊరుతోంది." మీ వైపు సుద్దరాయి నేల కాబట్టి చలికాలంలో ఇందులో కొంత నిజం ఉంటుంది కూడా. వాన ఆగిన వారాలకి కూడా నీళ్లు ఊరుతుంటాయి. కానీ ఊరేది పగుళ్లలోంచి. వీధి కింద ఉన్న మురుగు పైపులు కంపెనీవే, వాటిని బాగుచేయాల్సింది కంపెనీయే. మర్యాదగా అదే మాట తిరిగి రాయి.

బిల్లు కట్టడం ఆపేస్తానన్నావు. వద్దమ్మా. ఇంటికి నీళ్లు ఆపలేరన్నది నిజమే, చట్టం ఒప్పుకోదు. కానీ బాకీ కింద కోర్టుకి వెళ్తారు, నీ క్రెడిట్ రికార్డు పాడవుతుంది, రేపు ఇల్లు కొనడానికి లోన్ దగ్గర అది అడ్డొస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగి, ఇల్లు అప్పు తీరిపోయినవాళ్లు ఆ పోరాటం చేస్తున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నీకిప్పుడు ఆ టెన్షన్ అక్కర్లేదు. అలాగే కాల్ సెంటర్ అమ్మాయి మీద అరవకు, ప్లాంట్ కంచె దాటకు. ప్లాంట్‌లో పనిచేసేవాళ్లలో నది మీద ప్రేమ ఉన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మీ తెలుగు గ్రూపులో ఎవరో "మన మూసీ ముందు ఇదెంత" అన్నారని రాశావు. మూసీ గురించి హైదరాబాద్‌లో గట్టిగా అడగాల్సిందే, అక్కడ అడుగుతున్నవాళ్లు ఉన్నారు. అంతమాత్రాన ఇక్కడ నోరు మూసుకోవాలా? 1989లో ఈ కంపెనీల్ని ప్రైవేటుకి ఇచ్చేటప్పుడు పాత అప్పులన్నీ ప్రభుత్వమే మాఫీ చేసి ఇచ్చింది. ఈరోజు వాటి అప్పులు 60 బిలియన్ పౌండ్లు దాటాయి, ఈలోపు వాటాదార్లకి డివిడెండ్లు పోతూనే ఉన్నాయి. 2025 నుంచి ఐదేళ్లలో బిల్లులు సగటున 36 శాతం పెరగబోతున్నాయి. కట్టేవాళ్లలో మనమూ ఉన్నాం.

ఇంట్లో చేయాల్సింది కూడా చెప్తాను, తప్పుగా అనుకోకు. బజ్జీలు వేయించిన నూనె సింకులో పోయకు, చల్లారాక సీసాలో పోసి పారెయ్యి. అది పైపుల్లో గడ్డకట్టి వైప్స్‌తో కలిసి అడ్డం పడితే పొడి రోజున కూడా మురుగు పొంగుతుంది. గ్యారేజీలోకి వాషింగ్ మెషీన్ మార్చారు కదా, దాని గొట్టం ఎందులో కలిపారో ప్లంబర్ని అడుగు. వాన నీళ్ల పైపులో కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సబ్బునీళ్లు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతాయి.

ఒక్కదానివే చేయకు. మీ నదికి ఒక గ్రూపు ఉండే ఉంటుంది, లేదా చేపలు పట్టేవాళ్ల క్లబ్బు ఉంటుంది. నది పురుగుల్ని లెక్కపెట్టి నీళ్ల ఆరోగ్యం చూసే రివర్‌ఫ్లై ట్రైనింగ్ ఇస్తారు, వెళ్లు. నీళ్లలో నిలబడి మూడు నిమిషాలు కాళ్లతో రాళ్లు కదిలిస్తూ వల పట్టి, వచ్చిన పురుగుల్ని తెల్ల ట్రేలో పోసి లెక్కపెట్టాలి. మూడు తోకల మేఫ్లై అనే ఈగ పిల్లలు కనిపిస్తే సంతోషం. అవి పోయి ఎర్ర పురుగులే మిగిలితే నీళ్లకి ఏదో అయింది. లెక్క ఒక హద్దు కంటే తగ్గితే ఏజెన్సీకి తెలియజేయాలని పద్ధతి ఉంది, వాళ్లు దాన్ని పట్టించుకుంటారు. యార్క్‌షైర్‌లో ఇల్క్‌లీ వాళ్లు ఇంకోలా చేశారు. వార్ఫ్ నదిలో తాము ఈదే చోటుకి స్నానాల రేవుగా 2020 డిసెంబరులో గుర్తింపు తెచ్చుకున్నారు, దేశంలో నదికి అదే మొదటిది. నీళ్లు బాగున్నాయని కాదు. గుర్తింపు వస్తే ఏజెన్సీ సీజన్ పొడుగునా పరీక్షలు చేసి ఫలితాలు బయటపెట్టక తప్పదు. తర్వాత నాలుగేళ్లూ "పూర్", అంటే నాసి, అనే వచ్చింది, అయినా ఇప్పుడు ఎవరూ కాదనలేని అంకె వాళ్ల చేతిలో ఉంది.

ఆఫ్‌వాట్‌ని రద్దు చేసి కొత్త సంస్థ పెడతామని 2025 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. ఆ కొత్తవాళ్లు వచ్చాక చూద్దాంలే అని ఆగకు. వాళ్లొచ్చేసరికి నీ నోటుబుక్కులో ఒక చలికాలమైనా నిండి ఉండాలి. మీ ఎంపీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకే ఒక కాగితం పట్టుకెళ్లు: పొడి రోజులు, పైపు పారిన గంటలు, నీ రిఫరెన్స్ నంబర్లు. వీడియో అడిగితే చూపించు.

ఈమెయిల్ ఈవారమే పంపు. పర్మిట్ కాపీ రాగానే నాకు ఫార్వర్డ్ చెయ్యి. ఆ భాష మొదట్లో కొరుకుడు పడదు, ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం. అల్లుడికీ పిల్లలకీ మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న