కుక్క గోరు విరిగి వేలాడుతుంటే ఏం చేయాలి?

రక్తం ఆగింది కాబట్టి, వేలాడుతున్న గోరు దానంతట అదే ఊడిపోయేదాకా వదిలేయొచ్చా అని అడిగారు. వదలొద్దు. కుక్క గోరు లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి గులాబీ రంగు భాగం ఉంటుంది. విరిగిన ముక్క వేలాడుతున్నంత కాలం, అడుగు వేసినప్పుడల్లా, దుప్పటికి తగులుకున్నప్పుడల్లా ఆ భాగాన్ని లాగుతూనే ఉంటుంది. కుక్క కుంటడం, పాదం నాకుతూ కూర్చోవడం, మళ్లీ మళ్లీ రక్తం కారడం అందువల్లే.

గులాబీ భాగం దాకా రాకుండా కొసన మాత్రమే విరిగితే, పదునైన గోళ్ల కట్టరుతో మీరే తీసేయొచ్చు. గోరు మొదలు దగ్గర విరిగి ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటే పీకకండి. పశువుల డాక్టరు నొప్పి తెలియకుండా మందిచ్చి తీస్తారు. ఆ నొప్పికి ఎంత సాధువైన కుక్కయినా కరవొచ్చు, దాని తప్పేం లేదు.

మళ్లీ రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 5 నుంచి 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం కాస్తా ఊడొస్తుంది. చాలామంది దగ్గర పని చెడేది అక్కడే. గోరు కొస నుంచి కారుతుంటే కాస్త కార్న్‌ఫ్లోర్ అద్దవచ్చు. 20 నిమిషాలు దాటినా ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

కడగడానికి అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మట్టంగా ఒక టీస్పూను ఉప్పు కలిపితే చాలు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. అవి మండడమే కాదు, మానుతున్న కండనూ దెబ్బతీస్తాయి. తడి పూర్తిగా అద్ది, వేళ్ల మధ్య పలచగా దూది ఉంచి, గాయానికి అంటుకోని ప్యాడ్ పెట్టి వదులుగా కట్టండి. బిగిస్తే వేళ్లు వాచి చల్లబడతాయి. కట్టు రోజూ మార్చాలి, తడిస్తే అప్పటికప్పుడే. బయటికి తీసుకెళ్లేటప్పుడు పైన ప్లాస్టిక్ సంచి తొడిగినా, రాగానే తీసేయండి; లోపల చెమ్మ చేరితే చీము పడుతుంది. నాకకుండా మెడకు కోన్ (నోరు పాదానికి అందకుండా చేసే గరాటు లాంటి పట్టీ) తప్పదు.

పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మన నొప్పి మాత్రలు ఇవ్వనే ఇవ్వకండి, కుక్కలకు అవి ప్రాణాంతకం కావచ్చు.

బయటపడ్డ గులాబీ భాగం కొన్ని రోజుల్లో ఎండి గట్టిపడుతుంది. పూర్తి గోరు పెరగడానికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు వంకరగా వస్తుంది. వాపు, చీము, దుర్వాసన కనిపించినా, రెండు మూడు రోజులైనా కాలు మోపకపోయినా డాక్టరుకు చూపించండి. దెబ్బేమీ తగలకుండా ఒకటి తర్వాత ఒకటిగా గోళ్లు ఊడుతుంటే అది గాయం కాదు, గోళ్ల జబ్బు కావచ్చు. ముసలి కుక్కకు ఒక్క వేలే వాచి గోరు ఊడితే ఎక్స్‌రే తీయించండి, ఆ వేలిలో కణితి ఉండే అవకాశం ఉంది.