దూరం ఒక్కటే అయినా, వెళ్లే టైమూ వచ్చే టైమూ ఎందుకు వేరు?

ప్రశ్న: మా అమ్మ వచ్చే నెల మొదటిసారి ఒంటరిగా లండన్ నుంచి న్యూయార్క్ వెళ్తోంది. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 5,540 కిలోమీటర్లు. విమానం గంటకు 900 వెళ్తుందంటారు కాబట్టి ఆరు గంటల పైచిలుకు పట్టాలి. టికెట్‌లో మాత్రం ఉదయం 11కి బయలుదేరి మధ్యాహ్నం 2కి దిగుతుందని ఉంది. అడిగితే ఎనిమిది గంటలు అన్నారు, తిరిగి వచ్చేటప్పుడు ఏడే అట. ఏది నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎనిమిదే నమ్మండి. టికెట్‌లో వేసేవి ఏ ఊరి టైము ఆ ఊరిది. న్యూయార్క్ గడియారం ఏడాదిలో ఎక్కువ కాలం లండన్ కంటే ఐదు గంటలు వెనక ఉంటుంది. ఆ ఐదూ మీ మూడుకి కలపండి.

ఇక మీ భాగహారం. లెక్క తప్పు కాదు, కానీ గాలిని వదిలేశారు. నేను చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచర్‌గా, అంటే విమానం వెళ్లే దారిని నేల మీద నుంచి ముందే లెక్కగట్టే పనిలో ఉన్నాను. డ్యూటీలోకి రాగానే ముందు చూసేది మ్యాపు కాదు, ఆ రోజు గాలుల చార్టు. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే పది, పదకొండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతుంటుంది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 900 అనేది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఎదురుగాలి వందుంటే నేల మీద లెక్కకు మిగిలేది 800. అప్పుడు మీ ఆరు గంటలు ఏడుకి దగ్గరవుతాయి. గేటు వదలడం, రన్‌వే దాకా నడపడం, పైకెక్కడం, దిగడం అన్నీ కలిపితే ఎనిమిది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను రోజున న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది!

అందుకే దగ్గరి దారే తొందరగా చేర్చే దారి అనుకోకండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో తూర్పుకి తిరిగి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు వెళ్లి పద్నాలుగున్నర గంటల్లో దిగింది. దారి పెరిగినా దాదాపు రెండు గంటలు కలిసొచ్చాయి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

గాలి ఒక్కటే కాదు, మూసిన ఆకాశం కూడా ఉంటుంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకికీ టోక్యోకీ మధ్య దూరం మారలేదు. కానీ 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక తొమ్మిది గంటల ప్రయాణం పదమూడుకి చేరింది.

అమ్మ విషయంలో ఒక్క మాట. విమానం లేచాక దాన్ని ట్రాక్ చేసే యాప్‌లో దిగే అంచనా టైము చూడండి. అది ఆ రోజు దారితో, గాలితో కట్టిన లెక్క. టికెట్ టైము నెలల ముందు వేసింది. అంచనా అరగంట అటూ ఇటూ జరిగితే కంగారుపడకండి. అమ్మని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి కూడా ఆ టైమే చెప్పండి. దిగాక ఇమిగ్రేషన్ లైను ఉంటుంది, కాబట్టి ఫోన్ రావడానికి ఇంకో గంట పట్టొచ్చు.