ముందు కోడ్‌ని అనుమానించకు

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం చదివాను. సొంత లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) ఎక్కించగానే మొండికేసిందనీ, మూడు రోజులుగా కోడ్‌లో లైను లైనూ మార్చి చూస్తున్నాననీ రాశావు. ఆ మార్చడం ఇవాళే ఆపెయ్ తల్లీ. పాత కాపీ ఉంటే దాన్నే మళ్ళీ తీసుకో. కోడ్ సంగతి తర్వాత చూద్దాం.

నువ్వు పంపిన ఔట్‌పుట్‌లో ఒక్క లైను దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. నాలుగు ప్రాసెస్‌లు, అంటే ప్రోగ్రామ్ ప్రతులు నాలుగు ఒకేసారి నడవాలని అడిగావు. 0, 1, 2, 3 అని నాలుగు ర్యాంకులు, అంటే వాటి వరుస సంఖ్యలు రావాలి. నీకేమో ‘ర్యాంకు 0, మొత్తం 1’ అని నాలుగుసార్లు వచ్చింది. అంటే నాలుగూ పుట్టాయి కానీ ఒకదాని ఉనికి ఒకదానికి తెలియలేదు. ప్రతిదీ తానొక్కదాన్నే అనుకుని మొత్తం లెక్కంతా తానే చేసుకుపోయింది. ఈ లక్షణం కనిపిస్తే నేను కోడ్ తెరవను. కంపైల్ చేసిన ఎంపీఐ ఒకటీ, నడిపిస్తున్న ఎంపీఐ ఇంకోటీ అయ్యుంటాయి.

ఎంపీఐ అన్నది ఒక సాఫ్ట్‌వేర్ పేరు కాదు, ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే తీరుకి ఒక ప్రమాణం. దాని మొదటి వెర్షన్ 1994లో వచ్చింది. ఆ ప్రమాణాన్ని పట్టుకుని ఓపెన్ ఎంపీఐ, ఎంపిచ్ లాంటివి వేర్వేరుగా తయారయ్యాయి. నువ్వు రాసిన సీ కోడ్ రెండింటికీ పనికొస్తుంది. కంపైలయ్యాక వచ్చిన బైనరీ మాత్రం సాధారణంగా దేనితో కట్టావో దానికే కట్టుబడి ఉంటుంది. ఒకదానితో కట్టి, ప్రోగ్రామ్‌ని నడిపించే ఎంపీఐరన్ రెండోదానిది వాడితే, అది ప్రాసెస్‌లను పుట్టించగలదు కానీ వాటిని ఒకచోట కలపలేదు. అడిగినన్ని ప్రాసెస్‌లు కనిపిస్తాయి కనుక అంతా బాగుందనిపిస్తుంది. చాలామంది అక్కడే మోసపోతారు.

కాబట్టి ముందు ‘విచ్ ఎంపీఐసీసీ’, ఆ వెంటనే ‘విచ్ ఎంపీఐరన్’ కొట్టు. కంపైల్ చేసేది ఎక్కడుందో, నడిపించేది ఎక్కడుందో అవి చెబుతాయి. రెండు దారులూ ఒకే ఫోల్డర్ చూపించాలి. తర్వాత నీ బైనరీ మీద ‘ఎల్‌డీడీ’ నడుపు, అది ఏ లైబ్రరీలను ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటోందో చెబుతుంది. ఎంపీఐ లైబ్రరీ ఉన్న దారి కూడా అక్కడిదే కావాలి. ఏ లైబ్రరీ పక్కనైనా ‘నాట్ ఫౌండ్’ అని ఉంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, జాబ్ చచ్చిపోయింది అందుకే. ఇదంతా లాగిన్ నోడ్ (క్లస్టర్‌లో నువ్వు మొదట అడుగుపెట్టే కంప్యూటర్) మీద చూసి ఊరుకోకు. ఇవే ఆదేశాలు జాబ్ స్క్రిప్ట్‌లో కూడా పెట్టి అసలు లెక్క చేసే కంప్యూట్ నోడ్ ఏమంటోందో చూడు. స్క్రిప్ట్ మొదట్లోనే ‘మాడ్యూల్ పర్జ్’తో అప్పటికే లోడైన సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్ళన్నీ తీసేసి, కంపైల్ చేసినప్పుడు ఏ మాడ్యూళ్ళు లోడ్ చేశావో సరిగ్గా అవే, వెర్షన్ నంబర్లతో సహా లోడ్ చెయ్యి. వెర్షన్ రాయకపోతే డిఫాల్ట్ మారిన రోజున అంతా మళ్ళీ మొదటికొస్తుంది.

దారులన్నీ కలిసినా అదే రోగం ఉంటే, నువ్వు ఎంపీఐరన్ బదులు, జాబ్‌లకు నోడ్‌లు పంచే షెడ్యూలర్ అయిన స్లర్మ్ వాళ్ళ ఎస్‌రన్ వాడుతున్నావేమో చూసుకో. ఎస్‌రన్‌కీ ఎంపీఐకీ మధ్య మాట కలిపే పొర ఒకటుంటుంది. ‘ఎస్‌రన్ --ఎంపీఐ=లిస్ట్’ అంటే నీ క్లస్టర్‌లో ఏవేవి ఉన్నాయో వస్తాయి. వాటిలో నీ ఎంపీఐకి నప్పేది ఎంచుకోవాలి.

ఇది తేలేదాకా నీ అసలు ప్రోగ్రామ్ ముట్టుకోకు. ముందు రెండు నోడ్‌ల మీద ఉత్త ‘హోస్ట్‌నేమ్’ నడుపు. రెండు వేర్వేరు పేర్లు వస్తే షెడ్యూలర్ తన పని తాను చేస్తున్నట్టే. తర్వాత ర్యాంకు ముద్రించే పది లైన్ల ప్రోగ్రామ్. అదీ అయ్యాక నీది, ఒకే నోడ్‌లో రెండు ప్రాసెస్‌లతో. ఆ తర్వాత నోడ్‌కి ఒకటి చొప్పున రెండు. ఒకే నోడ్‌లో నడిచి రెండు నోడ్‌లకు విస్తరించగానే పడిపోతే, నెట్‌వర్కో, రెండో నోడ్‌లో ఎన్విరాన్‌మెంట్ అందకపోవడమో అని వెంటనే తెలిసిపోతుంది.

ఇక నీ రెండో బాధ, చిన్న మెష్‌తో (లెక్క కోసం గీసే గడుల వలతో) నడిచి పెద్ద మెష్‌తో కదలకుండా నిలబడిపోవడం. నా తొలి రోజుల్లో ఇదే నన్ను వారాల తరబడి ఏడిపించింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇద్దరు పక్కవాళ్ళు, అంటే రెండు ప్రాసెస్‌లు, ముందు ఎంపీఐ సెండ్, ఆ తర్వాత రిసీవ్ పిలుస్తున్నారనుకో. సందేశం చిన్నదైతే లైబ్రరీ దాన్ని అవతలి వైపు బఫర్‌లో పడేసి సెండ్‌ని తిరిగి రానిస్తుంది. ఒక పరిమితి దాటాక అలా కుదరదు, అవతలివాడు రిసీవ్ పిలిచేదాకా సెండ్ ఆగుతుంది. ఇద్దరూ సెండ్‌లోనే ఉన్నారు కదా, ఎవరు పిలుస్తారు? తప్పు మొదటి రోజునుంచీ ఉంది, చిన్న మెష్ దాన్ని దాచిపెట్టింది. బయటపెట్టడానికి సెండ్‌లన్నీ తాత్కాలికంగా ‘ఎస్‌సెండ్’గా మార్చి చూడు. అది రిసీవ్ మొదలవనిదే తిరిగి రాదు కనుక చిన్న మెష్‌తోనే నిలబడిపోతుంది. దిద్దడానికి రెండూ కలిపి చేసే ‘సెండ్‌రిసీవ్’ వాడు. లేదంటే ముందు ఆగకుండా తిరిగొచ్చే ‘ఐరిసీవ్’లు పెట్టి, పంపేసి, చివర అన్నీ పూర్తయ్యేదాకా ఆగే ‘వెయిటాల్’ పిలువు.

నిలబడిపోయిన చోటు కనుక్కోవడానికి ప్రింట్‌ని మాత్రం నమ్మకు. జాబ్‌లో ఔట్‌పుట్ బఫర్‌లోనే ఉండిపోతుంది, కనబడలేదంటే అక్కడిదాకా రాలేదని కాదు. ప్రతి ప్రింట్ వెనక, బఫర్‌ని ఖాళీ చేసే ‘ఎఫ్‌ఫ్లష్’ పెట్టు. లేకపోతే ఆ నోడ్‌లోకి వెళ్ళి జీడీబీ అనే డీబగ్గర్‌ని ప్రాసెస్‌కి తగిలించి బ్యాక్‌ట్రేస్ చూడు. ఏ ర్యాంకు ఏ పిలుపులో ఇరుక్కుందో అక్కడే కనిపిస్తుంది.

ఇంకొన్ని గుర్తుపెట్టుకో. ఎగ్జిట్ కోడ్ 137 వస్తే 128కి 9 కలిపిన లెక్క, ఎవరో ప్రాసెస్‌ని చంపేశారు. చాలావరకు మెమరీ చాలకే. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకోవడం), అది చాలావరకు నీ కోడ్‌దే, అప్పుడు కోడ్ తెరువు. ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటే లాగిన్ నోడ్‌లో, ఆ ప్రాసెసర్‌కే సరిపోయేలా కట్టమనే ‘మార్చ్=నేటివ్’ పెట్టి కంపైల్ చేసి ఉంటావు, కంప్యూట్ నోడ్ ప్రాసెసర్‌కి ఆ సూచనలు తెలియవు. ఓపెన్ ఎంపీ (ఓపెన్ ఎంపీఐ కాదు, ఒక ప్రాసెస్ లోపల పనిని థ్రెడ్లకు పంచేది) కూడా కలిపితే థ్రెడ్ల సంఖ్య నువ్వే చెప్పు. 16 కోర్ల నోడ్‌లో 4 ప్రాసెస్‌లు ఒక్కోటి 16 థ్రెడ్లు తెరిస్తే 64 థ్రెడ్లు 16 కోర్ల కోసం కొట్టుకుంటాయి, ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది.

రేపు పొద్దున ఆ రెండు ‘విచ్’ల ఫలితాలూ, జాబ్ లోపలినుంచి వచ్చిన ‘మాడ్యూల్ లిస్ట్’, ‘ఎల్‌డీడీ’ ఔట్‌పుట్ నాకు పంపు. కోడ్ పంపొద్దు. అవి చూశాక అవసరమైతే నేనే అడుగుతాను.

ఆశీస్సులతో,
మామయ్య